టెక్సాస్‌లో కాలేజీ టెన్నిస్ – రాబోయే సీజను, మన మనవలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద టెన్నిస్ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు నన్ను పట్టుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మా అబ్బాయి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండటం వల్ల నాలుగు శీతాకాలాలు అక్కడ గడిపి, పని లేక కాలేజీ టెన్నిస్ మ్యాచీలకు అలవాటు పడ్డాను. రెండోది, మన సభ్యుల్లో కనీసం ముగ్గురి మనవలు హైదరాబాదులోనూ విజయవాడలోనూ టెన్నిస్ కోచింగులో ఉన్నారు. వాళ్లను ఈ ఆట ద్వారా అమెరికా కాలేజీకి పంపవచ్చునా, అందుకు మన రిటైర్మెంటు డబ్బు ముట్టుకోవచ్చునా అనే ప్రశ్న ఇళ్లలో నడుస్తోంది. మొదట ఆట సంగతి చెప్పి, తరువాత డబ్బు సంగతికి వస్తాను. డబ్బు సంగతే కావలసినవారు పది నిమిషాలు కునుకు తీయవచ్చు.

మన దగ్గర అంతర్ విశ్వవిద్యాలయ టెన్నిస్ అంటే సౌత్ జోన్ పోటీ, ఆపైన అఖిల భారత పోటీ. కొద్ది రోజుల్లో అయిపోతాయి. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు. అక్కడ అలా కాదు. జట్ల సీజను జనవరిలో మొదలై మే నెలాఖరు దాకా సాగుతుంది. జనవరి చివర నాలుగేసి జట్లను ఒక్కో ఊళ్లో కూర్చి ఆడిస్తారు. వాటిలో నెగ్గినవాళ్లు ఫిబ్రవరిలో ఇండోర్ పోటీకి వెళ్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎవరి లీగులో వాళ్లు తలపడతారు. మేలో దేశం మొత్తం మీద 64 జట్లతో ఎన్.సి.ఎ.ఎ. ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. వ్యక్తిగత సింగిల్స్, డబుల్స్ పోటీలు ఒకప్పుడు ఆ జట్ల పోటీ వెనకాలే మేలో ఉండేవి. 2024లో వాటిని నవంబరుకు మార్చారు.

మ్యాచీ జరిగే తీరు మనం టీవీలో చూసే వింబుల్డన్ లాగా ఉండదు. ముందు మూడు కోర్టుల మీద మూడు డబుల్స్ ఒకేసారి మొదలుపెడతారు, ఒక్కొక్కటి ఆరు గేముల ఒకే సెట్టు. మూడింట్లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. ఆ తరువాత ఆరు కోర్టుల మీద ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక పాయింటు. మొత్తం ఏడు. నాలుగు ఎవరికి ముందు వస్తే వాళ్లదే గెలుపు. పెద్ద పోటీల్లో నాలుగో పాయింటు రాగానే మిగతా కోర్టుల మీద ఆట ఎక్కడిదక్కడ ఆపేస్తారు. ఒకటో కోర్టు మీద జట్టులో గొప్పవాడు ఆడుతుంటే, ఆరో కోర్టు మీద ఎవరికీ పేరు తెలియని కుర్రాడు ఆడుతుంటాడు. ఇద్దరి గెలుపుకూ ఒకే విలువ. ఆఫీసులో డిస్పాచ్ గుమాస్తా సంతకం కూడా డైరెక్టరు సంతకంతో సమానమైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి! నేను మొదటి నుంచీ ఐదు, ఆరు కోర్టుల దగ్గరే కుర్చీ వేసుకుంటాను. అసలు మ్యాచీ అక్కడే తేలుతుంది.

మరో రెండు విశేషాలు. డ్యూస్, అడ్వాంటేజ్ అనేవి లేవు. నలభై-నలభై అయితే ఒక్క పాయింటుతో గేము ముగుస్తుంది. సర్వీసు ఏ వైపు తీసుకోవాలో ఎదుటివాడు ఎంచుకుంటాడు. రెండోది, మగపిల్లల మొదటి డివిజనులో సర్వీసు బంతి నెట్టుకు తగిలి లోపల పడితే మళ్లీ కొట్టడం ఉండదు, ఆట సాగవలసిందే. ఎందుకో తెలుసా? చాలా చోట్ల గీత లోపలా బయటా అనేది ఆడేవాళ్లే చెప్పుకుంటారు. అందుకోలేని సర్వీసు వచ్చినప్పుడల్లా “నెట్టుకు తగిలింది” అని అరిచేవాళ్లు ఎక్కువయ్యారట. అందుకని ఆ సాకే తీసేశారు. మానవ స్వభావం అన్ని దేశాల్లోనూ ఒకటే.

నిశ్శబ్దం అనే మాట కూడా మరిచిపోండి. జట్టు జట్టంతా అరుస్తుంది, ప్రేక్షకులు అరుస్తారు. చాలా చోట్ల టిక్కెట్టు ఉండదు. నా పక్కన కూర్చునే రిటైర్డ్ స్కూలు మేష్టారొకాయన మొదటి రోజు నన్ను చూసి, “మీరు అరవడం లేదు, ఆరోగ్యం బాగుందా?” అని అడిగాడు. ఆ పై వారం నుంచి నేనూ అరుస్తున్నాను. మా కోడలికి ఈ విషయం తెలియదు, మీరు చెప్పకండి.

ఇక టెక్సాస్ జట్లు. ఈ శీతాకాలం వెళ్లేవారు రాసుకోండి.

మా అబ్బాయి ఇంటికి దగ్గరలో ఫోర్ట్ వర్త్ ఊళ్లో టీ.సీ.యూ. ఉంది. ఊదారంగు చొక్కాల జట్టు. వాళ్ల గుర్తును కొమ్ముల కప్ప అంటారు గాని అది కప్ప కాదు, ఒక జాతి తొండ. 2024 మేలో ఓక్లహామాలోని స్టిల్‌వాటర్‌లో జరిగిన ఫైనల్లో వీళ్లు ఆస్టిన్ ఊరి టెక్సాస్ యూనివర్సిటీని 4-3తో ఓడించి మొదటిసారి జాతీయ కప్పు తెచ్చుకున్నారు. ఒకే రాష్ట్రపు రెండు జట్లు, చెరి మూడు పాయింట్ల దాకా వచ్చి, ఆఖరి కోర్టు మీద నిర్ణయం! కోచ్ డేవిడ్ రోడిటి కూడా ఒకప్పుడు అదే కాలేజీకి ఆడినవాడు. మరుసటి ఏడు 2025లోనూ ఫైనల్‌కు వచ్చి వేక్ ఫారెస్ట్ చేతిలో 2-4తో ఓడారు. వింబుల్డన్‌లో 2022లో సెమీఫైనల్ ఆడిన కామెరూన్ నోరీ ఈ కాలేజీలో మూడేళ్లు ఉన్నాడు.

టెక్సాస్ యూనివర్సిటీ వారిది పెద్ద చరిత్ర. 1935లో అమెరికా జాతీయ సింగిల్స్ గెలిచిన విల్మర్ అలిసన్ ఇక్కడి విద్యార్థే. 1927లో కాలేజీల సింగిల్స్ కూడా గెలిచాడు. కాని జట్టుగా జాతీయ కప్పు రావడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది. అది కూడా ఎలా వచ్చిందనుకున్నారు? ఆ మార్చిలో కోచ్‌నే పోలీసులు అరెస్టు చేశారు. టెన్నిస్ ఆటగాడు కాని ఒక కుర్రాడికి ఆటగాడి కోటాలో సీటు ఇప్పించడానికి లక్ష డాలర్లు పుచ్చుకున్నాడని కేసు. నేరం ఒప్పుకున్నాడు, 2020లో ఆరు నెలల శిక్ష పడింది. ఆయన స్థానంలో అసిస్టెంటుగా ఉన్న బ్రూస్ బెర్క్ ఇన్‌ఛార్జిగా నిలబడి రెండు నెలల్లో కప్పు గెలిపించాడు. ఇన్‌ఛార్జి డ్యూటీలు చేసిన మనవాళ్లకు ఆ రెండు నెలల బరువు ఎటువంటిదో తెలుస్తుంది. ఈ కేసు ఎందుకు చెప్పానో డబ్బు దగ్గరకు వచ్చినప్పుడు అర్థమవుతుంది.

డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్లే దారిలో మధ్యలో వేకో ఊరు. అక్కడ బేలర్ యూనివర్సిటీ. 2004లో జాతీయ ఛాంపియన్లు. అదే ఏడు సింగిల్స్ గెలిచిన వాళ్ల జర్మను కుర్రాడు బెంజమిన్ బెకర్, రెండేళ్ల తరువాత యూఎస్ ఓపెన్లో ఆండ్రీ అగాసీని ఓడించాడు. అగాసీకి అదే ఆఖరి మ్యాచీ. కోర్టులు చూడటానికి ఎంత బాగుంటాయంటే 2025 జాతీయ ఫైనల్ అక్కడే పెట్టారు. కాలేజ్ స్టేషన్‌లోని ఏ అండ్ ఎం యూనివర్సిటీకి మన వాళ్ల పిల్లలు ఇంజనీరింగుకు ఎక్కువగా వెళ్తారు. 2011లో కాలేజీ డబుల్స్ గెలిచిన ఆస్టిన్ క్రైచెక్ అక్కడివాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత సంతతికి చెందిన రాజీవ్ రామ్‌తో కలిసి అమెరికాకు వెండి పతకం తెచ్చాడు. ఆ రాజీవ్ రామ్ కూడా 2003లో ఇలినాయి జట్టును గెలిపించినవాడే. ఇవి కాక డల్లాస్‌లో ఎస్.ఎం.యూ., హ్యూస్టన్‌లో రైస్, దూరాన లబ్బక్‌లో టెక్సాస్ టెక్ ఉన్నాయి.

ఈ సీజనులో ఎవరు గెలుస్తారని కార్యదర్శిగారు అడిగారు. జోస్యం నా పని కాదు. ఏం చూడాలో మాత్రం చెబుతాను. మొదట డబుల్స్ పాయింటు చూడండి. అది పోగొట్టుకున్న జట్టు ఆరు సింగిల్స్‌లో నాలుగు గెలవాలి. గెలిచిన జట్టుకు మూడు చాలు. రెండు, ఫిబ్రవరి దాకా ఇండోర్‌లో మెరిసిన జట్లను నమ్మకండి. టెక్సాస్‌లో మార్చి గాలి ఎలాంటిదంటే పైకెగరేసిన బంతి దిగేసరికి మరో చోట ఉంటుంది. గాలిలో ఓపికగా తిప్పి కొట్టేవాళ్లు ఉన్న జట్టే మే దాకా నిలుస్తుంది. మూడు, బదిలీలు చూడండి.

బదిలీ అన్నాను కదా, ఇది మనకు బాగా అర్థమయ్యే భాగం. 2018 నుంచి అక్కడ బదిలీల పోర్టల్ ఉంది. అందులో పేరు పెట్టుకుంటే ఇతర కాలేజీల కోచ్‌లు పిలుచుకోవచ్చు. చదువు మార్కులు సరిగా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చునని 2024లో తేల్చారు. మనకు ఒక బదిలీ కోసం ఎన్ని అర్జీలు, ఎన్ని ఎండార్సుమెంట్లు కావలసి వచ్చేవో! అక్కడ పందొమ్మిదేళ్ల కుర్రవాడు అలా కదిలిపోతాడు. అందువల్ల పోయిన ఏటి జట్టును చూసి ఈ ఏటి బలం అంచనా కట్టడం వృథా. జనవరిలో జాబితా చూస్తే సగం పేర్లు కొత్తవి.

కాలేజీలే బదిలీ అయిపోయాయి. 2024 జూలైలో ఆస్టిన్ టెక్సాస్ వారు తమ పాత లీగు వదిలి, ఏ అండ్ ఎం ముందే ఉన్న ఎస్.ఇ.సి.లో చేరారు. టీ.సీ.యూ., బేలర్ పాత బిగ్ 12లో ఉండిపోయాయి. డల్లాస్‌లోని ఎస్.ఎం.యూ. అట్లాంటిక్ తీరపు లీగులో చేరింది. ఆ లీగులోనే కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ కూడా ఉంది! అట్లాంటిక్ పేరు పెట్టుకుని పసిఫిక్ ఒడ్డున కాలేజీ. ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం చేసిన పంపకాలు ఇవి. టెన్నిస్ కుర్రాళ్లు సామాను మోస్తూ విమానాల్లో పాఠాలు చదువుకోవలసి వచ్చింది. నాకు ఇది నచ్చలేదు. ఫోర్ట్ వర్త్, ఆస్టిన్ జట్లు ఏటా లీగులో ఎదురుపడి కసిగా ఆడుకునే ఆనందం పోయింది. ఇప్పుడు విడిగా మాట్లాడుకుని మ్యాచీ పెట్టుకోవాలి, లేకపోతే మే నెల దాకా ఆగాలి.

మన వాళ్ల ప్రస్తావన లేకుండా ముందుకు పోలేను. మహేష్ భూపతి 1995లో మిసిసిపీ యూనివర్సిటీ తరఫున కాలేజీ డబుల్స్ గెలిచాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008 రెండేళ్లూ సింగిల్స్ ఛాంపియను. 2008 సీజను మొత్తంలో ఒక్క మ్యాచీయే ఓడాడు. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడి వచ్చి, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి బంగారు పతకం తెచ్చాడు. నిశేష్ బసవరెడ్డి తల్లిదండ్రులు నెల్లూరు నుంచి వెళ్లినవారు. అబ్బాయి అక్కడే పుట్టి, స్టాన్‌ఫర్డ్‌కు రెండు సీజన్లు ఆడి, 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్లో జొకోవిచ్ మీద మొదటి సెట్టు గెలిచాడు. తరువాతి మూడూ ఓడాడనుకోండి. కాని ఆ ఒక్క సెట్టు ఎన్ని తెలుగు ఇళ్లలో టీవీలు పెట్టించిందో!

ఇప్పుడు కునుకు తీసినవారు లేవాలి.

కాలేజీ స్కాలర్‌షిప్ అంటే మన వాళ్ల మనసులో ఒక బొమ్మ ఉంది. కుర్రాడు బాగా ఆడితే చదువు, భోజనం, బస అన్నీ ఉచితం అని. ఆడపిల్లల విషయంలో అది చాలా వరకు నిజం. 2025 దాకా మొదటి డివిజనులో ఆడపిల్లల టెన్నిస్ జట్టుకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవి. మగపిల్లల జట్టు మొత్తానికీ కలిపి మంజూరైన పోస్టులు నాలుగున్నర! ఆ నాలుగున్నరను ఎనిమిది, పది మందికి ముక్కలు చేసి పంచేవారు. ఫుట్‌బాల్ జట్టులో మగపిల్లలకు పోయే స్కాలర్‌షిప్పులకు సరిపడా ఆడపిల్లలకు ఇతర ఆటల్లో ఇవ్వాలి కనుక అలా వచ్చింది. అందుచేత మనవరాళ్లున్నవారు ముందు మనవరాలి చేతికి రాకెట్టు ఇవ్వండి. ఇది హాస్యానికి అనడం లేదు.

2025 జూన్‌లో అక్కడి కోర్టు ఒక పెద్ద రాజీని ఆమోదించింది. దానితో లెక్క మారింది. రాజీలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్పుల పరిమితి తీసేసి, జట్టులో ఎందరుండాలన్న పరిమితి పెట్టారు. టెన్నిస్‌కు పదిమంది. ఆ పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చే వీలు కాలేజీకి ఉంది. వీలు ఉంది అంతే, ఇవ్వాలని లేదు. పైగా అదే రాజీ కింద కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచుకోవచ్చు. 2025-26కు ఆ గరిష్ఠ మొత్తం సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుంది. ఆ డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. టిక్కెట్టు లేని టెన్నిస్ మీద కత్తి పడుతుందేమోనని చిన్న కాలేజీల కోచ్‌లు బెంగ పెట్టుకున్నారు. ఈ సీజనులో నా మటుకు అసలు సస్పెన్సు అదే. గట్టి జట్టు పూర్తి స్కాలర్‌షిప్పులతో ఇంకా గట్టిపడుతుంది, చిన్న జట్టు ఉంటుందో లేదో.

మరి పోటీ ఎవరితో? మొదటి డివిజను మగపిల్లల టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీయులే. స్పెయిన్, ఫ్రాన్స్, ఇంగ్లండు, అర్జెంటీనాల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల గట్టివాళ్లు. మన జిల్లా ఛాంపియను అక్కడ ఆరో కోర్టు కూడా ఎక్కకపోవచ్చు.

పోయిన నెల మన సభ్యులొకరు మా ఇంటికి వచ్చారు. పేరు చెప్పను. మనవడికి పద్నాలుగేళ్లు. “బాబాయిగారూ, ఒక ఏజెంటు సీటు ఖాయం చేస్తానంటున్నాడు. ముందుగా ఎనిమిది లక్షలు కట్టమన్నాడు. ఫిక్సెడ్ డిపాజిట్టు తీసేద్దామనుకుంటున్నాను” అన్నారు. “పిల్లవాడి యూ.టీ.ఆర్. ఎంత?” అని అడిగాను. అది ఆటగాడి స్థాయికి అంతర్జాతీయంగా వేసే అంకె. పదహారున్నర దాకా ఉంటుంది. కోచ్‌లు మొదట చూసేది దాన్నే. ఆయనకు తెలియదు. ఏజెంటు కూడా ఎప్పుడూ అడగలేదట! “అడగని వాడికి ఎనిమిది లక్షలెందుకయ్యా? కోచ్‌లకు పిల్లవాడే ఉత్తరం రాయవచ్చు. చిరునామాలన్నీ కాలేజీలవాళ్లే ప్రకటిస్తారు. మ్యాచీ వీడియో, మార్కులు, ఆ అంకె జత చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు” అన్నాను. దొడ్డిదారి సీటు ఖాయమనేవాడి మాట వినేముందు ఇందాక చెప్పిన ఆ లక్ష డాలర్ల కేసు గుర్తు చేసుకోమన్నాను.

లెక్క కూడా వేసి చూపించాను. అక్కడ కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో ఏడాది మొత్తం ఖర్చు 80 వేల డాలర్లు దాటుతోంది. సగం స్కాలర్‌షిప్ వచ్చిందనుకుందాం. మిగిలిన 40 వేలు, డాలరుకు 85 రూపాయలే వేసుకున్నా 34 లక్షలు. ఒక్క ఏడాదికి. మనలో చాలామంది రిటైరైన నాటికి గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి మూడున్నర లక్షలు, తరువాతివారికి పది లక్షలు. ఇద్దరు ముగ్గురి గ్రాట్యుటీ కలిపినా ఒక సంవత్సరం గడవదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “పిల్లవాడు చాలా బాగా ఆడతాడండీ” అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆడతాడు, నేను చూశాను.

అందుకని ఆయనకు చెప్పినదే మీకూ చెబుతున్నాను. పిల్లవాణ్ణి ఆడనివ్వండి, చదువు మార్కులు తగ్గకుండా చూడండి. అక్కడ మార్కుల మీద ఇచ్చే స్కాలర్‌షిప్పు వేరే ఉంది. ఆట స్కాలర్‌షిప్ ముక్కకు అది కలిస్తే కొందరికి లెక్క సరిపోతుంది. మూడో డివిజను కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్పులు అసలు లేవు. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగువారు కూడా ఆటకు ఇవ్వరు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇస్తారు. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు కాలేజీ బయట ఇష్టం వచ్చినట్టు సంపాదించడానికి వీలు లేదు. కనుక అమెరికా కుర్రాళ్లకు ప్రకటనల మీద వచ్చే డబ్బు మనవాడికీ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నిబంధనలు ఏటేటా మారుతున్నాయి, ఆ ఏటివి చూసుకోవాలి. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టే మాట మాత్రం ఏ ఏడాదీ వద్దు. పెన్షను మన ఇద్దరి మందులకు, మన ఇంటి బియ్యానికి.

శీతాకాలంలో డల్లాస్ వైపు వెళ్లే సభ్యులు నాకు ముందుగా ఫోను చేయండి. ప్రయాణానికి ముందే మెడికల్ ఇన్సూరెన్సు తీసుకోండి, మందులు ఆరు నెలలకు సరిపడా చీటీతో సహా పెట్టుకోండి, ఉన్ని టోపీ మరవకండి. ఫోర్ట్ వర్త్‌లో శనివారం మధ్యాహ్నం మ్యాచీ ఉంటే మా అబ్బాయి కారులో దింపుతాడు. కోడలు పులిహోర కట్టిస్తుంది. ఆరో కోర్టు పక్కన నీడ పడే బల్ల ఒకటుంది, నలుగురం సర్దుకోవచ్చు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు. నమస్కారం.